పెరట్లో షటిల్ కోర్టు వేయించుకోవచ్చా? వేయించుకోవచ్చు, కానీ ముందు నేల సంగతి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా: శంకర్‌పల్లి వైపు 500 గజాల్లో తూర్పు ముఖం ఇల్లు. వెనక 60 అడుగుల పొడవు, 32 అడుగుల వెడల్పు ఖాళీ. నల్లరేగడి నేల. పిల్లలిద్దరికీ షటిల్ పిచ్చి. ఒక కాంట్రాక్టర్ "సిమెంట్ పోసి పైన పచ్చ మ్యాట్ పరిచేస్తాం, 15 రోజుల పని" అన్నాడు. ఎండాకాలం సెలవులకు రెడీ అవుతుందా, ఒప్పుకోవచ్చా అని అడిగారు.

కోర్టు వేయించుకోండి, స్థలం సరిపోతుంది. మ్యాట్ మాత్రం వద్దు. షటిల్ ఒక్కదాని కోసమే వేయొద్దు. 15 రోజుల మాట అసలు నమ్మొద్దు. మీ డబ్బులో సగానికి పైగా కంటికి కనిపించని చోట, అంటే మట్టిలో, కాంక్రీట్‌లో ఖర్చవ్వాలి. అలా కాకుండా పైన రంగుకే ఎక్కువ పెట్టించే కొటేషన్ వస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

స్కూళ్లకీ, విల్లాలకీ, గేటెడ్ కమ్యూనిటీలకీ కోర్టులు వేయించడమే నా పని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు మ్యాట్ సంగతి. టీవీలో కనిపించే ఆ పచ్చ మ్యాట్ ఇండోర్ హాలు కోసం చేసింది. అకాడమీల్లో దాని కింద చెక్క ఫ్లోర్ ఉంటుంది, పైన కప్పు ఉంటుంది. బయట పరిస్తే మొదటి వానకే జాయింట్ల దగ్గర నీళ్లు కిందికి దిగుతాయి, ఎండ రాగానే ఆ తేమ ఆవిరై మ్యాట్‌ని బుడగల్లా లేపుతుంది. మణికొండలో ఒక ఇంట్లో ఇలాంటిది తీసేసి కొత్తగా వేయమని పిలిచారు. మ్యాట్ ఎత్తి చూస్తే కింద నల్లగా పాకుడు, మధ్యలో వానపాములు. జిగురు మరకలు గీకడానికే కూలీలకు చాలా టైమ్ పట్టింది.

బయట వేసుకోవడానికి ముఖ్యంగా ఉన్నవి రెండు. ఒకటి అక్రిలిక్ కోటింగ్, టెన్నిస్ కోర్టుల మీద చూస్తుంటారు కదా, అది. రెండోది ప్లాస్టిక్ ఇంటర్‌లాక్ టైల్స్, ఒక్కోటి దాదాపు అడుగు చదరం, ఒకదానికొకటి క్లిప్పుల్లా తగులుకుంటాయి. టైల్స్ జల్లెడలా ఉంటాయి కాబట్టి వాన ఆగిన కాసేపటికే ఆడొచ్చు, పాడైన టైల్ ఒక్కటి మార్చుకోవచ్చు, ఇల్లు మారితే పీకి తీసుకెళ్లొచ్చు కూడా. అక్రిలిక్ మీద అడుగు బాగా పడుతుంది, బంతి బౌన్స్ నిజాయితీగా ఉంటుంది, ఖర్చూ టైల్స్ కన్నా తక్కువే అవుతుంది. నల్లరేగడి నేల మీద మాత్రం నేను టైల్స్ వైపే మొగ్గుతాను. రేపు కింద కాంక్రీట్‌లో సన్నని పగులు వచ్చినా టైల్స్ కప్పేస్తాయి, అక్రిలిక్ అయితే పగులుని అద్దంలో చూపించినట్టు చూపిస్తుంది. ఒకటే జాగ్రత్త, టైల్స్‌ని గోడకీ స్తంభాలకీ ఆనించి వేయకూడదు. మన మే ఎండకి ప్లాస్టిక్ సాగుతుంది, చుట్టూ ఖాళీ లేకపోతే మధ్యలో లేస్తుంది.

ఇక షటిల్ ఒక్కదానికే వద్దని ఎందుకన్నానంటే, గాలి వల్ల. ఈక షటిల్ బరువు 5 గ్రాముల అటూ ఇటూ. హైదరాబాద్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా సాయంత్రాలు పడమటి గాలి ఎలా కొడుతుందో మీకు తెలిసిందే. మీ వైపు చుట్టూ ఖాళీ ప్లాట్లు, పొలాలు కాబట్టి ఇంకా ఎక్కువ. తెల్లవారుజామున ఆరు, ఏడు గంటలప్పుడు ఆడొచ్చు, నైలాన్ షటిల్‌తో కొంత నయం. కానీ అంత ఖర్చు పెట్టి రోజుకు ఒక గంటే పనికొచ్చేలా ఎందుకు వేసుకోవాలి?

అదృష్టం ఏంటంటే డబుల్స్ షటిల్ కోర్టు కొలత 44 అడుగులు × 20 అడుగులు, పికిల్‌బాల్ (చిన్న బ్యాట్లతో, చిల్లుల ప్లాస్టిక్ బంతితో ఆడే ఆట) కోర్టు కొలత కూడా సరిగ్గా అంతే. ఒకే స్తంభాలకు కొక్కేలు రెండు ఎత్తుల్లో పెట్టిస్తే చాలు: షటిల్ నెట్ స్తంభం దగ్గర 5 అడుగుల 1 అంగుళం, పికిల్‌బాల్ నెట్ అంచుల్లో 36 అంగుళాలు, మధ్యలో 34. గీతల దగ్గర ఒక చిన్న చిక్కుంది. షటిల్ సర్వీస్ గీత నెట్ నుంచి ఆరున్నర అడుగులకు పడుతుంది, పికిల్‌బాల్ వాళ్లు 'కిచెన్' అనే గీత 7 అడుగులకు. రెండిటి మధ్య ఆరు అంగుళాలే. రెండూ తెల్లగా గీస్తే ఇంటికి వచ్చిన ప్రతి చుట్టం దగ్గరా గొడవే. షటిల్‌కి తెలుపు, పికిల్‌బాల్‌కి పసుపు గీయించండి.

ఒక చివర బాస్కెట్‌బాల్ రింగ్ కూడా పెట్టించండి, పిల్లలు పెద్దయ్యే కొద్దీ దాని దగ్గరే ఎక్కువ ఉంటారు. రింగ్ ఎత్తు 10 అడుగులు, ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 15 అడుగులు. త్రీ పాయింట్ వంపు మీ వెడల్పులో పట్టదు, ఆశ వదులుకోండి. రింగ్ స్తంభానికీ, నెట్ స్తంభాలకీ పునాది గుంతలు, పైపు స్లీవ్‌లు కాంక్రీట్ పోయకముందే పెట్టాలి. "తర్వాత డ్రిల్ చేసి బోల్టులు బిగిద్దాం సార్" అంటారు. బిగించిన చోటునుంచే పగులు మొదలవుతుంది.

పిల్లల్లో ఎవరైనా అకాడమీలో సీరియస్‌గా కోచింగ్ తీసుకుంటుంటే ఇంకో మాట. ఇంటి కోర్టు దానికి బదులు కాదు. కాంక్రీట్ మీద రోజూ గంటల తరబడి గెంతడం, పెద్ద అడుగేసి ముందుకు వంగడం చేస్తే మోకాళ్లు, పిక్కల ముందు ఎముక నొప్పెడతాయి. సింధు పతకాల తర్వాత నాకు వచ్చే ఫోన్లలో సగం "మా అమ్మాయి ప్రాక్టీస్ కోసం" అనే ఉంటాయి. ఇంటి దగ్గర సర్వీస్, నెట్ డ్రిబుల్, సరదా ఆట వరకు సరే, ఫుట్‌వర్క్ డ్రిల్స్ అకాడమీ ఫ్లోర్ మీదే చేయనివ్వండి.

ఇప్పుడు అసలు విషయం, నేల. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. వేసవిలో వేలు దూరేంత నెర్రెలు మీరే చూసి ఉంటారు. ఆ నేల మీద నేరుగా నాలుగు అంగుళాల సిమెంట్ పోస్తే, చుట్టూ అంచుల్లో మట్టి తడిసి ఉబ్బుతుంది, మధ్యలో పొడిగానే ఉంటుంది. మరుసటి ఏడాదికి అంచులు లేచి కోర్టు పళ్లెంలా తయారవుతుంది. ఆదిభట్ల దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో నెట్ కింద నుంచి మూల దాకా ఒక పొడవాటి పగులు చూశాను, అందులో గడ్డి మొలిచింది. పైన వేసిన అక్రిలిక్ మంచి కంపెనీదే. దాని తప్పేం లేదు.

ముందు రెండు చోట్ల మూడడుగుల గుంత తవ్వించి చూడండి. మీ చుట్టుపక్కల కొన్ని ప్లాట్లలో అడుగున్నర దాటగానే గట్టి మొరం తగులుతుంది. అలా తగిలితే మీ పని సగం తేలికైనట్టే, నల్లమట్టి అంతా తీసేసి మొరంతో నింపితే చాలు. లోతుగా నల్లగానే ఉంటే కనీసం రెండడుగులు, వీలైతే మూడు, తీయించి మొరం పోయించాలి. కోర్టు అంచులు దాటి చుట్టూ ఇంకో అడుగు కూడా. మొరం ఒకేసారి లారీ బోర్లించి పైన రోలర్ తిప్పితే కుదరదు. ఆరంగుళాల పొర, నీళ్లు, రోలర్. మళ్లీ ఆరంగుళాలు, నీళ్లు, రోలర్. ఈ ఒక్క పని జరిగేటప్పుడు మీరు గానీ, మీ నాన్నగారు గానీ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి. మిగతా రోజులు ఆఫీసుకి వెళ్లినా ఫర్వాలేదు.

మీ 60 × 32లో నేనైతే 54 × 28 స్లాబ్ వేస్తాను. కోర్టు చివర్లలో ఐదేసి అడుగులు, పక్కల నాలుగేసి అడుగులు వస్తుంది. మిగిలిన జాగా కాలువకీ, లైట్ స్తంభాలకీ. మొరం పైన కంకర పొర, దాని మీద 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు, పైన 5 అంగుళాల ఆర్‌సీసీ, అంటే ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీట్, బలం ఎం-25 గ్రేడ్. 8 ఎంఎం కడ్డీలు రెండు వైపులా 8 అంగుళాలకు ఒకటి. లెక్క వేస్తే దాదాపు 18 క్యూబిక్ మీటర్ల కాంక్రీట్, అంటే 6 క్యూబిక్ మీటర్లు పట్టే రెడీమిక్స్ బండ్లు మూడు. ఇనుము అతుకులతో కలిపి 600 కిలోల దగ్గర. రేట్లు నేను రాయడం లేదు, నెలనెలా మారతాయి. ఈ పరిమాణాలు పట్టుకుని ఎవరి కొటేషన్ అయినా మీరే సరిచూసుకోవచ్చు. 200 కిలోల ఇనుముతో ఎవరైనా కొటేషన్ ఇస్తే ఎక్కడ కోత పెట్టారో తెలిసిపోతుంది.

పోసేటప్పుడు చూడాల్సినవి కొన్ని. కడ్డీల జాలీ స్లాబ్ మందంలో సగానికి పైన ఉండాలి. కూలీలు దాన్ని తొక్కుకుంటూ నడుస్తారు, అది కిందికి దిగిపోయి షీటు మీద పడుకుంటుంది, ఇక ఉన్నా లేనట్టే. జాలీని పైకి ఎత్తి పట్టే కవర్ బ్లాకులు, చైర్లు (వంచిన కడ్డీ ముక్కలు) కింద దగ్గర దగ్గరగా పెట్టించండి. పోసిన మరునాటి లోపు కట్టర్‌తో గాట్లు పెట్టాలి, స్లాబ్ మందంలో నాలుగో వంతు లోతు. పొడవులో మూడు, వెడల్పులో రెండు గాట్లు పెడితే ఒక గాటు సరిగ్గా నెట్ కింద పడుతుంది, ఆటకి అడ్డం రాదు. ఆ పని వాయిదా వేస్తే కాంక్రీట్ తనకి ఇష్టమొచ్చిన చోట తనే పగులుతుంది.

మేస్త్రీతో ఒక గొడవ మాత్రం తప్పదు. మన మేస్త్రీలకు పైన పొడి సిమెంట్ చల్లి, తాపీతో అద్దంలా మెరిపిస్తే గానీ పని చేసినట్టు ఉండదు. కోర్టుకి అది శత్రువు. ఆ పొడి పొర పెచ్చులుగా ఊడుతుంది, దాంతోపాటు రంగూ ఊడుతుంది. పచ్చిగా ఉండగానే మెత్తటి చీపురు లాగి గరుకు గీతలు రావాలి. ముందే చెప్పండి, పోసే రోజు మళ్లీ చెప్పండి. "బాగుండదమ్మా" అంటాడు. వినొద్దు.

వాలు. ప్రతి 10 అడుగులకు ఒక అంగుళం, ఒకే వైపు. మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులా వాల్చడం కాదు. మీ 28 అడుగుల వెడల్పుకి ఒక అంచు రెండో అంచు కన్నా మూడంగుళాల కన్నా కొంచెం తక్కువే దిగుతుంది, ఆడేవాళ్లకు తెలియదు. ఇక్కడే వాస్తు పెద్దలు వస్తారు. వాలు తూర్పుకో ఉత్తరానికో ఉండాలంటారు. మీకు కోర్టుకి తూర్పున ఇల్లు ఉంది, అటు వాల్చితే వాన నీళ్లు వంటింటి గుమ్మం దాకా వస్తాయి. పొడవునా ఉత్తరానికి వాల్చితే 54 అడుగులకు ఐదంగుళాల పైన తేడా వస్తుంది, ఒక వైపు ఆడేవాడికి అన్యాయం. నేను చేసేది ఏంటంటే, కోర్టుని పడమర గోడ వైపు వాల్చి, ఆ గోడ వెంబడి కాలువ కట్టి, కాలువని ఉత్తరం వైపు పారిస్తాను. నీళ్లు చివరికి ఉత్తరానికే పోతున్నాయి కదా అంటే చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఒప్పుకున్నారు.

ఆ కాలువ చివర ఇంకుడు గుంత కట్టండి. 54 × 28 అంటే 140 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల గట్టి వాన ఒక్కటి పడితే 7,000 లీటర్లు, ఒక ట్యాంకర్ కన్నా ఎక్కువ నీళ్లు మీ పెరట్లోంచి పోతాయి. ఇప్పటిదాకా మట్టి తాగేది, ఇక తాగదు. గుంత కోర్టు అంచుకీ ఇంటి పునాదికీ దూరంగా ఉండాలి. నల్లరేగడిని పక్కనే నానబెడితే ఇంత చేసిందీ దండగ.

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి, పొద్దున్నా సాయంత్రం సూర్యుడు కళ్లలో పడకుండా. మీది తూర్పు ముఖం కాబట్టి అది దానంతటదే కుదిరింది.

సెలవుల సంగతి. కాంక్రీట్ పోశాక అక్రిలిక్ వేయాలంటే 28 రోజులు ఆగాలి, ఆ 15 రోజుల కాంట్రాక్టర్ ఇది చెప్పి ఉండడు. తడి ఆరిందో లేదో చూడటానికి ఒక ప్లాస్టిక్ కవర్‌ని నాలుగు వైపులా టేపుతో అతికించి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కింద చెమటలా నీటి బొట్లు ఉంటే ఇంకా ఆగాలి. మేలో అక్రిలిక్ వేస్తే పరిచే లోపే ఎండిపోయి చారలు పడతాయి, వానల్లో వేస్తే కడుక్కుపోతుంది. అందుకే నా సలహా: ఈ వేసవిలో తవ్వకం, మొరం పని పూర్తి చేయండి. వానాకాలమంతా దాన్ని అలాగే వదిలేయండి. నానాల్సింది నాని, కుంగాల్సింది కుంగుతుంది. దసరా తర్వాత పల్లాలు సరిచేసి కాంక్రీట్, నవంబర్, డిసెంబర్‌లో పైపొర.

పిల్లలు ఏడుస్తారనుకోకండి. రోలర్ తిప్పిన మొరం నేలే మంచి కోర్టు. సున్నంతో గీతలు వేసి, రెండు ఇనుప పైపులు పాతి నెట్ కట్టండి. మన చిన్నప్పుడు కాలనీల్లో అందరం అలాంటి వాటి మీదే ఆడాం. షటిల్ గీత లోపల పడిందా బయట పడిందా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.

పైపొర వేసే ముందు స్లాబ్ నిండా నీళ్లు పట్టి ఒక గంట ఆగండి. ఎక్కడైనా రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే మునిగేంత, అంటే 3 మిల్లీమీటర్ల దాకా, నీరు నిలిస్తే ఆ చోటు సుద్దతో గీసి సరిచేయించండి. చివరి బిల్లు ఇచ్చేది ఆ తర్వాతే. కొంత డబ్బు ఒక వానాకాలం గడిచాక ఇస్తామని అగ్రిమెంట్‌లో రాయించుకుంటే ఇంకా మంచిది. దానికి ఒప్పుకోని వాడికి తన మట్టి పని మీద తనకే నమ్మకం లేదు.

లైట్లు పొడవు గోడల వైపు పెట్టాలి, కోర్టు చివర్లలో కాదు, లేకపోతే షటిల్ కోసం తలెత్తిన ప్రతిసారీ కళ్లు బైర్లు కమ్ముతాయి. 20 అడుగుల స్తంభాలు నాలుగు, ఒక్కోదానికి 150 లేదా 200 వాట్ల ఎల్ఈడీ, ముఖం కిందికి వంచి. ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. తడి నేల మీద పిల్లలు ఇనుప స్తంభం పట్టుకుంటారు, ఇక్కడ పైసా మిగుల్చుకోవద్దు. పక్కింటి వాళ్లతో ముందే ఒక మాట అనుకోండి. పికిల్‌బాల్ టక్ టక్ శబ్దం షటిల్ లాంటిది కాదు, మూడిళ్ల అవతలికి వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 తర్వాత చట్టం అనుమతించే శబ్దం 45 డెసిబెల్సే. 9కే ఆపేస్తే చుట్టరికం మిగులుతుంది. చుట్టూ జాలీకి పచ్చ గుడ్డ కట్టాలని చాలామంది అడుగుతారు. మే నెల ఈదురుగాలికి అది తెరచాపలా పని చేసి స్తంభాలతో సహా వంగిపోతుంది. కడితే సగం ఎత్తు వరకే కట్టండి.

కప్పు వేద్దామనుకుంటే అది వేరే కథ. షెడ్ కూడా కట్టడం కిందికే వస్తుంది, సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ హద్దు దాకా వదలాల్సిన ఖాళీ, ఆకాశానికి తెరిచి ఉండాలి. ముందు పర్మిషన్ సంగతి చూసుకోండి.

వాడకం గురించి రెండు మాటలు. కోర్టు పాడయ్యేది ఆట వల్ల కాదు, పండగల వల్ల. వ్రతానికి టెంట్ హౌస్ వాళ్లు వచ్చి చెప్పకుండా మేకులు కొడతారు. దీపావళికి భూచక్రం తిప్పడానికి ఇంతకన్నా చదునైన జాగా ఇంట్లో ఉండదు కాబట్టి పిల్లలు సరిగ్గా అక్కడే వెలిగిస్తారు. ఆ కాలిన గుండ్రటి మచ్చలు అక్రిలిక్ మీదైనా టైల్స్ మీదైనా పోవు. పనివాళ్లు పాకుడు పోగొట్టడానికి యాసిడ్ పోస్తారు, అదీ వద్దు, సబ్బు నీళ్లు, బ్రష్షు చాలు. గోడ అవతల నేరేడు చెట్టు ఉంటే పళ్ల కాలంలో రోజూ ఊడవాల్సిందే.

మీరు రాయని విషయం ఒకటుంది. తూర్పు ముఖం ఇళ్లలో సెప్టిక్ ట్యాంక్ సాధారణంగా వాయవ్యంలో కడతారు. మీ ప్లాట్‌లో వాయవ్యం అంటే సరిగ్గా ఈ కోర్టు వెనక మూల. ట్యాంక్ అక్కడే ఉంటే స్లాబ్‌ని దాని మీదుగా వేయకూడదు, కొలతలు మార్చాలి, లేదా ట్యాంక్‌నే జరపాలి. అది ఎక్కడుందో, గుంతలు తవ్వితే మొరం ఎంత లోతులో తగిలిందో కింద రాయండి, స్లాబ్ ఎటు జరపాలో చెబుతాను.